పెట్టెలో పట్టే మనిషి

షాపు తలుపుకున్న బోర్డుని ‘క్లోజ్‌డ్’ వైపు తిప్పి, నేల ఊడ్చి, సోల్డరింగ్ ఐరన్లు చల్లారాయో లేదో ఒకసారి చూసుకుని, రత్నరాజు చొక్కా విప్పేవాడు. పాత స్వెటర్ ఒకటి తొడుక్కునేవాడు. మోచేతులకీ మోకాళ్ళకీ గుడ్డపీలికలు చుట్టుకునేవాడు. పార్టుల లిస్టు జేబులో పెట్టుకుని, చిన్న టార్చిలైటు పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, మూల బల్ల మీదున్న పాత టీవీ పెట్టెలోకి తల దూర్చేవాడు. పావుగంట పాకితే టోక్యోలో ఎలక్ట్రానిక్స్ బజారు, అకిహబారా. మిషిగన్‌లో సాయంత్రం ఎనిమిదయ్యేసరికి అక్కడ మర్నాటి పొద్దున్న పది. కొట్లు అప్పుడే తెరుస్తుంటారు.

1984 నాటి సంగతి ఇది. డెట్రాయిట్ పక్కన నోవైలో, లాండ్రీకీ డోనట్ల కొట్టుకీ మధ్య ‘గ్రేస్ టీవీ అండ్ వీడియో’ అని ఒక రిపేరు షాపుండేది. ఆ పెట్టె, ఎవరో అయిదేళ్ళ కిందట బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ రాని సెట్టు తాలూకుది. పిక్చర్ ట్యూబు ఊడదీశాక అందులోంచి వెచ్చటి గాలి వచ్చింది, వెనకాలే రైలు చప్పుడు వచ్చింది. టార్చి వేసి చూస్తే దారి కనిపించింది. దారంటూ ఉన్నాక వాడుకోవాలి కదా, వాడుకున్నారు. లాండ్రీ ఆయనకి తెలుసు, డోనట్ల ఆవిడకి తెలుసు, రిపేర్లకొచ్చే వాళ్ళందరికీ తెలుసు. మిగతా షాపుల్లో వీసీఆర్ ఇస్తే జపాన్ నుంచి పార్టు రావడానికి ఆరు వారాలు పట్టేది. గ్రేస్‌లో మర్నాడు సాయంత్రానికి చేతిలో పెట్టేవారు. జనానికి అంతకంటే ఏం కావాలి?

చిక్కల్లా ఒక్కటే. పంతొమ్మిది అంగుళాల సెట్టు అది. ట్యూబు తీసేసిన కంత పదిహేను అంగుళాల వెడల్పు, పదకొండున్నర అంగుళాల ఎత్తు. అందులో పట్టే మనిషి కావాలి.

షాపు నడిపే దైవాశీర్వాదం గారు పట్టరు. ఆయన పగలు కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు, సాయంత్రం షాపు, ఆదివారం మధ్యాహ్నం అద్దె హాల్లో జరిగే తెలుగు ఆరాధనకి సంఘపెద్ద. మూడు హోదాలకీ తగ్గ విగ్రహం ఆయనది. మొదట్లో సన్నటి అమెరికన్ ఒకణ్ణి పెట్టుకుని చూశారు. అతను రెండోరోజే అకిహబారాలో రోడ్డు దాటి అవతలికి పోయాడు, మరి తిరిగి రాలేదు. ఇప్పటికీ అక్కడే ఏదో బొమ్మల కొట్లో ఉన్నాడని వినికిడి. అప్పుడు దైవాశీర్వాదం గారికి బోధపడింది, సన్నగా ఉంటే చాలదు, తిరిగొచ్చే మనిషి కావాలని. వాకబు చేసి చేసి, తణుకులో రేడియోలు బాగుచేసుకునే రత్నరాజుకి ఉత్తరం రాశారు. అందులో చదువు గురించి అడగలేదు. ఛాతీ చుట్టుకొలత అడిగారు. ఇదేదో మిలిటరీ ఉద్యోగం కాబోలు అనుకున్నాడు రత్నరాజు.

వచ్చి మూడేళ్ళయింది. వచ్చేనాటికి పెళ్ళయి పదినెలలు. భార్య లూసీ ఏలూరు ఆసుపత్రిలో నర్సు. “ఏడాది తిరక్కుండా నీకు గ్రీన్‌కార్డ్ పెట్టించేస్తాను తమ్ముడూ, మీ ఆవిణ్ణి తెచ్చేసుకుందువుగాని,” అన్నారు దైవాశీర్వాదం గారు, ఎయిర్‌పోర్టులో కౌగిలించుకుంటూనే. ఆ కౌగిలింతలోనే నడుము కొలత కూడా చూసుకున్నారు.

మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తే అది చెర అని అందరికీ తెలుస్తుంది. రత్నరాజుకి ఎవరూ ఏ తాళమూ వెయ్యలేదు. పాస్‌పోర్టు దైవాశీర్వాదం గారి బీరువాలో భద్రంగా ఉంది. వీసా షాపు పేరు మీద ఉంది, షాపు మానేసిన రోజున దేశం వదలాలి. డ్రైవింగ్ నేర్చుకుంటానంటే, “నేను డ్రాప్ చేస్తున్నాగా, నీకెందుకయ్యా ఆ రిస్కు,” అనేవారు. పొద్దున్న వాళ్ళింటి బేస్‌మెంట్ లోంచి కారులోకి, కారు లోంచి షాపులోకి, షాపు లోంచి పెట్టెలోకి. అకిహబారాలోనైనా తిరిగేది రైలుపట్టాల కిందున్న రెండు ఇరుకు సందుల్లోనే. “రోడ్డు మాత్రం దాటకు తమ్ముడూ. నీ దగ్గర కాగితం ముక్క లేదు. పట్టుకున్నారంటే అక్కడ జైలు, ఇక్కడ కేసు,” అని మొదటిరోజే హెచ్చరించారు. సందు చివర టోపీ పెట్టుకున్న పోలీసు ఒకాయన చిన్న గది ముందు నిలబడి ఉండేవాడు. రత్నరాజు దాటలేదు.

అవతలి పక్కన ఏడంతస్తుల ఎలక్ట్రానిక్స్ కొట్టు. దాని ముందు గోడంతా టీవీలు. అన్నింట్లోనూ ఒకటే బొమ్మల కథ. మేడలంత ఎత్తున ఇనుప మనిషొకడు ఊరి మధ్యలోంచి నడుచుకుంటూ పోతుంటాడు. దాని కింద పుస్తకాల సంచులతో కుర్రకారు గుంపులు గుంపులుగా మెడలెత్తి చూస్తుండేవారు. పైన రైళ్ళు పోతుంటే, మధ్యన లారీలు అడ్డొస్తుంటే, ఇటువైపుకి ఒక్క మాటా వినబడేది కాదు. మూడేళ్ళుగా రత్నరాజు ఆ ఇనుప మనిషిని మూగవాడిగానే చూశాడు. ఒక్కసారి దాని మాటేంటో వినాలని ప్రాణం పీకేది. సందు చివరిదాకా వెళ్ళి, ఆ పోలీసుని చూసి, వెనక్కి తిరిగేవాడు.

ఇక తిండి. అది దైవాశీర్వాదం గారి భార్య విమలకుమారి చేతిలో ఉండేది. ఆవిడ చెడ్డమనిషి కాదు. నోట్లోంచి మాట రావడానికే ఆలోచించే మనిషి. భర్త చెప్పినట్టే స్టీలు గ్లాసుతో కొలిచి అన్నం పెట్టేది, నెయ్యి తగలనిచ్చేది కాదు. ప్రతి ఆదివారం ఆరాధన నుంచి రాగానే బాత్రూం తూకం మీద నిలబెట్టి చదివేది. “నూట పద్దెనిమిది పౌండ్లండీ,” అని ఆవిడ అంటే, హాల్లోంచి “స్తోత్రం” అనేవారు ఆయన.

ఆ అక్టోబరులో లూసీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ‘మా హెడ్ నర్సు గారి అబ్బాయికి అమెరికా కేసు నంబరు వచ్చిందంట. కాగితాలు పంపగానే ఎవరికైనా ఒక నంబరొస్తుందంట గదా, మన నంబరేంటి? మీరు రాయడం మర్చిపోయినట్టున్నారు,’ అని రాసింది. ఎక్కడా నిష్ఠూరం లేదు. అదే రత్నరాజుకి మరీ కష్టంగా అనిపించింది.

మర్నాడు పార్టు నంబర్ల పుస్తకం కోసం షాపు బల్ల సొరుగు లాగితే అడుగున గోధుమరంగు కవరు కనిపించింది. అందులో ఫారం. ఫారానికి తన ఫొటో గుచ్చి ఉంది. గ్రీన్‌కార్డ్ ఫొటోలో కుడి చెవి కనబడాలని అప్పట్లో రూలు. తల పక్కకి తిప్పించి, జుట్టు వెనక్కి దువ్వించి తీయించారు. ఆ చెవి మూడేళ్ళుగా సొరుగులోనే ఉంది. తేదీ 1981 ఆగస్టు. యజమాని సంతకం చెయ్యాల్సిన గడి ఖాళీ.

సాయంత్రం దైవాశీర్వాదం గారు రాగానే కవరు బల్ల మీద పెట్టాడు.

“అన్నగారూ, ఇది పంపలేదాండీ?”

ఆయన అబద్ధమాడలేదు. ఆ మాత్రం ఆయన గురించి చెప్పుకోవాలి. కళ్ళజోడు తీసి తుడుచుకుని, “పంపలేదు తమ్ముడూ,” అన్నారు.

“ఎందుకండీ?”

“కూర్చో చెప్తాను. కార్డొచ్చాక నువ్వు ఇక్కడ ఉంటావా? ఇదిగో బైబిలు. దీనిమీద చెయ్యిపెట్టి, కార్డొచ్చినా అయిదేళ్ళు ఈ షాపు వదలనని ఒక్క మాట చెప్పు. రేప్పొద్దున్నే పోస్టు చేసేస్తాను.”

రత్నరాజు చెయ్యి ఎత్తాడు. ఇంకొకరైతే అనేసేవారు, తర్వాత చూసుకునేవారు. కానీ కార్డొచ్చిన మర్నాడే ఈ పెట్టెకి, ఈ బేస్‌మెంటుకి ఒక దండం పెట్టి, లూసీకి ఆసుపత్రిలో ఉద్యోగం దొరికే ఏ ఊరికైనా పోవాలని మూడేళ్ళుగా రోజూ అనుకుంటున్నాడు. ఆ సంగతి ఎవరికి తెలియకపోయినా ఆ పుస్తకం తాలూకు ఆయనకి తెలుసు. చెయ్యి గాల్లోనే కాసేపుండి కిందికి దిగిపోయింది.

“చూశావా,” అన్నారు దైవాశీర్వాదం గారు, నిజంగానే జాలిపడుతూ. “నువ్వు అబద్ధమాడలేవు. నిన్ను తెచ్చుకుందీ అందుకే. నువ్వెళ్ళిపోతే ఈ కంతలో పట్టేవాణ్ణి నేనెక్కడ తేను? దేవుని సమయం ఒకటుంటుంది. ఓపిక పట్టు.”

కవరు సొరుగులోకి వెళ్ళింది. రత్నరాజు పెట్టెలోకి వెళ్ళాడు.

పెట్టె దారి అకిహబారాలో నకాజిమా అనే పెద్దావిడ కొట్టు బల్ల కిందికి తేలేది. కొట్టంటే మనిషి చేతులు చాపితే అయిపోయేంత. చుట్టూ ట్రాన్స్‌ఫార్మర్లు, తీగచుట్టలు. మధ్యలో పీట మీద ఆవిడ. రోజూ పదింటికి కాళ్ళు కొంచెం ఎడంగా జరిపి దారిచ్చేది. వాళ్ళిద్దరికీ ఉమ్మడి భాష పార్టు నంబర్లే. అతను లిస్టు చూపించేవాడు, ఆవిడ ఏ సందులో ఎన్నో కొట్టో వేళ్ళతో చెప్పేది. మూడేళ్ళుగా రోజూ ఆవిడ ఆకు చుట్టిన అన్నం ఉండ ఒకటి అతని ముందు పెట్టేది. రోజూ అతను కడుపు మీద చెయ్యి వేసుకుని, పెట్టెని చూపించి, వద్దని తలూపేవాడు.

ఆ రోజు బల్ల కిందనుంచి లేచి ఊరికే కూర్చుండిపోయాడు. లిస్టు తియ్యలేదు. పెద్దావిడ అలవాటు కొద్దీ అన్నం ఉండ పెట్టింది.

రత్నరాజు దాన్ని చూశాడు. తనని పట్టి ఉంచింది వీసా కాదు, బీరువా కాదు, ఆ పదకొండున్నర అంగుళాల కంత. అందులో పట్టని మనిషిని దైవాశీర్వాదం గారు ఉంచుకుని ఏం చేసుకుంటారు? కార్డిప్పించి పంపుతారు, లేదా టికెట్టు కొని ఇంటికి పంపుతారు. ఎటు పంపినా చివర్న లూసీ ఉంటుంది.

ఉండ తీసుకుని తిన్నాడు. ఇంకొకటి పెట్టింది. అదీ తిన్నాడు. పెద్దావిడ సంతోషం పట్టలేక పక్క కొట్టాయన్ని కేకేసింది.

అప్పట్నుంచి రోజూ అరగంట ముందే పార్టుల పని ముగించుకుని, ఆ సందులో ఎవరి రేడియో మూగబోయినా, ఎవరి క్యాసెట్టు ప్లేయర్ టేపు నమిలేసినా బాగుచేసి పెట్టేవాడు. వాళ్ళు భోజనం పెట్టేవారు. గిన్నెల్లో పొగలు కక్కే నూడుల్స్, వేయించిన పంది మాంసం ముక్క వేసిన కూర అన్నం, చేప ఆకారంలో ఉండి లోపల తియ్యటి బొబ్బర్ల ముద్దలాంటిది పెట్టిన రొట్టె. రెసిస్టర్లమ్మే ఆయన గుడ్డు, స్విచ్చులమ్మే ఆవిడ చిలగడదుంప. మూడేళ్ళ ఆకలి కదా, ఎక్కడ పెట్టింది అక్కడ పట్టేసింది. తింటుంటే సిగ్గేసేది, నవ్వూ వచ్చేది. ఇన్నేళ్ళలో తన కోసం తను చేసుకున్న మొదటి పని అది.

భయం మాత్రం ఒకటుంది. ఒళ్ళు ఏ పక్కన ఉండగా పెరగాలో అది చూసుకోవాలి. అక్కడ ఉండగా పట్టకుండా పోయిందంటే పరాయి దేశంలో కాగితం లేకుండా, లూసీకి ఇంకాస్త దూరంగా, బల్ల కింద మిగిలిపోవాలి. ప్రతిసారీ తిరుగు ప్రయాణంలో భుజాలకి చెక్క ఎంత ఒరుసుకుందో లెక్క చూసుకునేవాడు.

నవంబరు మొదటి ఆదివారం తూకం ఎక్కాడు. సూది నూట ఇరవై నాలుగు దగ్గర ఆగింది. విమలకుమారి వంగి చూసింది. ఆవిడ చూపు మంచిదే.

“నూట పద్దెనిమిదండీ,” అంది పైకి.

“స్తోత్రం,” అన్నారు హాల్లోంచి.

రత్నరాజు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ అతని వంక చూడకుండా తువ్వాలు మడతపెట్టుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాతి వారం నూట ముప్ఫై, ఆపై వారం నూట ముప్ఫై ఆరు. ఆవిడ నోట మాత్రం అదే నూట పద్దెనిమిది. ఆ ఇంట్లో తనకి తోడు ఒకరున్నారని అతనికి మొదటిసారి అనిపించింది. కానీ దాన్ని గురించి ఇద్దరిలో ఎవరూ నోరెత్తలేదు.

థాంక్స్‌గివింగ్ వెళ్ళిన సోమవారం తిరిగి వస్తూ ఇరుక్కుపోయాడు. తల, చేతులు మిషిగన్ వైపు చీకట్లో, నడుము నుంచి కిందికి అకిహబారాలో. ముందుకి పోదు, వెనక్కి రాదు. ఊపిరి పీల్చుకుంటే చెక్క నొక్కుతోంది. టార్చిలైటు నోట్లోంచి జారి దొర్లిపోయింది. రెండు దేశాల మధ్య, ఏ దేశమూ కాని చోట, పళ్ళు బిగించి లూసీ పేరు చెప్పుకుంటూ ప్రార్థన చేశాడు. ఏమని అడగాలో కూడా తోచలేదు. వెనకాల పెద్దావిడ గొంతు, ఇంకో నలుగురి గొంతులు వినబడ్డాయి. ఎవరో అరికాళ్ళకి భుజం ఆనించారు. ఎవరో లెక్కపెట్టారు. మూడో అంకెకి అందరూ ఒక్క తోపు తోశారు. స్వెటర్ చిరిగి, చర్మం గీరుకుపోయి, మిగతా దారంతా ఎలాగో పాకి, రత్నరాజు షాపు నేల మీద పడ్డాడు. కాసేపు అలాగే వెల్లకిలా పడుకుని నవ్వాడు.

మర్నాడు పెట్టె భుజాల దగ్గరే ఆపేసింది. దైవాశీర్వాదం గారు టేపు తెచ్చి కొలిచారు. మళ్ళీ కొలిచారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బావుండేది. ఆ ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, “మన సహోదరుడు రత్నరాజు శరీరభారం తగ్గేలా మనమంతా ఉపవాస ప్రార్థన చేద్దాం,” అని ప్రకటించారు. సంఘమంతా ఆమెన్ అంది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు అతని చుట్టూ మూగి, “పాపం, పీక్కుపోయావు బాబూ,” అంటూ ప్లేట్లో కోడికూర వేశారు. వాళ్ళు చూసిన రత్నరాజు ఎప్పుడూ సన్ననివాడే కదా, కొత్తగా కనబడుతున్న బుగ్గలు వాళ్ళ కంటికి ఆనలేదు.

క్రిస్మస్‌కి పదిరోజులుంది. షాపులో నలభై వీసీఆర్‌లు పార్టుల కోసం నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఫోను ఆగడం లేదు. శనివారం సాయంత్రం దైవాశీర్వాదం గారు కోటు విప్పి తనే తల దూర్చారు. చెవుల దగ్గర ఆగిపోయారు. విమలకుమారి, రత్నరాజు చెరో కాలు పట్టుకుని వెనక్కి లాగారు. ఆయన నేలమీద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నారు.

“నేను పడతానండీ,” అంది విమలకుమారి.

ఇద్దరూ తలెత్తి చూశారు. ఆవిడ కోటు తీసేసింది. స్వెటర్ లోపల మనిషి ఉందా అన్నట్టుంది. అప్పుడు తెలిసింది రత్నరాజుకి. మూడేళ్ళుగా ఎదురుగా ఒక మనిషి అరకడుపుతో లేచిపోతుంటే ఆవిడకి ముద్ద దిగేది కాదు. అదే స్టీలు గ్లాసుతో తనకీ కొలుచుకునేది.

“నువ్వా? నీకేం తెలుసు అక్కడ?”

“లిస్టుందిగా. పెద్దావిడకి చూపిస్తే చాలని రత్నం ఎన్నోసార్లు చెప్పాడు. మీ పాత ప్యాంటొకటి ఇలా పడెయ్యండి.”

పీలికలు రత్నరాజే చుట్టాడు. “వదినగారూ, మధ్యలో ఒకచోట మేకు ఉంటుందండీ, ఎడమకి ఒరగండి,” అని చెప్పాడు. ఆవిడ పాదాలు చీకట్లోకి వెళ్ళిపోయాయి.

గంటలో వస్తుందనుకున్నారు, గంట దాటింది. గంటన్నరయింది. దైవాశీర్వాదం గారు పెట్టెలోకి మూతిపెట్టి “విమలా!” అని పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళలేదన్న సంగతి ఆయనకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. ఆ సన్నటి అమెరికన్ సంగతి కూడా గుర్తొచ్చినట్టుంది. తొమ్మిదిన్నరకి లోపల గీరుకుంటున్న చప్పుడైంది. ముందు పార్టుల సంచి వచ్చింది, తర్వాత దుమ్ముకొట్టుకున్న జుట్టు, తర్వాత ఆవిడ.

“ఏమైపోయావు! ప్రాణం పోయిందనుకో నాకు!”

“రోడ్డు దాటానండీ,” అంది ఆవిడ.

“దాటావా? పోలీసు?”

“ఉన్నాడు. ఎటెళ్ళాలో తెలీక నిలబడితే ఆయనే చెయ్యి అడ్డంపెట్టి లారీలాపి దాటించాడు.”

రత్నరాజు స్టూలు మీద కూర్చున్నాడు. “ఏమన్నా అడిగారాండీ? కాగితాలవీ?”

ఆవిడ అతని వైపు తిరిగింది. చెప్పడానికి కష్టపడింది. “ఎవరూ ఏమీ అడగలేదు రత్నం. ఒక్క మాట కూడా.”

మూడేళ్ళు. సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగిన రోజులన్నీ ఒక్కసారి మీద పడ్డట్టయింది అతనికి. “ఆ ఇనుప మనిషిని చూశారాండీ?” అన్నాడు.

“దగ్గరికెళ్ళి చూశాను. వాడంతట వాడు నడవడు రత్నం. గుండె దగ్గర చిన్న గది. అందులో ఒకమ్మాయి బెల్టు కట్టుకుని కూర్చుని నడుపుతోంది. బయటికి వస్తానంటుంది కాబోలు, ఒకటే ఏడుపు. నాకు భాష రాదు, అయినా కాళ్ళు కదల్లేదు.” చేతి పీలికలు విప్పుకుంటూ భర్త వైపు చూసింది. మోచేతులు ఎర్రగా కొట్టుకుపోయి ఉన్నాయి. “పెద్దావిడ రత్నం ఏడని అడిగింది. బాగా లావయ్యాడని చేత్తో చూపిస్తే చప్పట్లు కొట్టింది. అతనికేమేం పెట్టారో అన్నీ నాకూ పెట్టారు. తింటుంటే ఏడుపాగలేదు. పరాయి వాళ్ళు గిన్నెలతో పెట్టారు. నేను గ్లాసుతో కొలిచాను.”

“విమలా, అతను రోజూ వెళ్తున్నాడని నీకు తెలుసుగా.”

“తెలుసండీ. ఇవాళ మోచేతులకి తెలిసింది. ఆ ఫారం ఎక్కడుంది?”

దైవాశీర్వాదం గారు కదల్లేదు. రత్నరాజు సొరుగు తీసి కవరు ఇచ్చాడు. ఉద్యోగం చేసే కంపెనీ సొంత వ్యాపారాలు ఒప్పుకోదని షాపుని ఆయన ఏనాడో భార్య పేరున రాయించారు. మన వాళ్ళలో ఇది మామూలే. టాక్సు కాగితాలు, లీజు కాగితాలు, ఏవైనా ఆయన వేలు పెట్టిన చోట ఆవిడ సంతకం పెట్టేది. ఈ ఒక్క కాగితం మీద మాత్రం మూడేళ్ళుగా ఆయన వేలు పెట్టలేదు. ఆవిడ బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. అర్థంకాని చోట ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. ఇద్దరు మగవాళ్ళూ నిలబడి చూశారు.

“వెళ్ళిపోతాడు విమలా,” అన్నారాయన మెల్లగా. “కార్డొస్తే ఒక్కరోజు ఉండడు. పార్టులెవరు తెస్తారు?”

“నేను తెస్తాను. బుధవారం, శనివారం.”

“మిగతా రోజులు?”

“మిగతా రోజులు ఊరికే వెళ్తాను.”

పెన్ను తీసింది. అప్పటికి రత్నరాజు కళ్ళు నిండిపోయాయి. అయినా ఊరుకోలేకపోయాడు. అలాంటి మనిషి అతను.

“వదినగారూ, ముందే చెప్తున్నానండీ. ఆయనన్నది నిజమే. కార్డొస్తే నేను ఉండను.”

“నేను అడగలేదుగా,” అంది ఆవిడ, సంతకం పెడుతూ.

రెండేళ్ళ పైన పట్టింది. ఈలోపు రత్నరాజు షాపు బల్ల దగ్గరే కూర్చుని రిపేర్లు చేశాడు, రెండు పూటలా కడుపునిండా తిన్నాడు, డ్రైవింగ్ నేర్చుకున్నాడు. విమలకుమారి బుధవారం, శనివారం పార్టులు తెచ్చేది, మిగతా రోజులు ఊరికే వెళ్ళేది. ఎన్నింటికి వస్తుందో చెప్పేది కాదు. దైవాశీర్వాదం గారు పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని, బైబిలు తెరిచి పెట్టుకుని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా కూర్చునేవారు.

1987 ఏప్రిల్‌లో లూసీ డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో దిగింది. రత్నరాజు గేటు దగ్గర పూలగుత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ చేతిలో ఫొటో పట్టుకుని, వచ్చే పోయే సన్నటి వాళ్ళందరి మొహాల్లోకీ చూస్తూ, అతని పక్కనుంచి రెండుసార్లు దాటి వెళ్ళిపోయింది. మూడోసారి అతను పిలిచాడు.

“లూసీ.”

ఆవిడ ఆగి చూసింది. గొంతు పోల్చుకుంది. తర్వాత మనిషిని పైనుంచి కిందిదాకా చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అయ్యో, ఇదేంటండీ! ఇంత లావయ్యారేంటి?”

“నీకోసమే తిన్నాను లూసీ,” అన్నాడు రత్నరాజు.